సువార్తమ్మ వీపెక్కిన తోడేలు

ఎర్రగుట్టకి తూర్పున, వాగు మలుపు తిరిగే చోట, ఒక నేరేడు చెట్టూ దాని పక్కనే రెల్లు కప్పిన పొడుగాటి పాకా ఉండేవి. ఆ పాక గుట్ట మీది జంతువుల సంఘం వాళ్ళది. కాలు విరిగినా, కడుపు నొచ్చినా, జ్వరం పట్టినా ఎవరైనా సరే అక్కడికి రావచ్చు. నువ్వెవరివి, ఏ గుంపువాడివి అని అడిగేవాళ్ళు ఉండరు. ముళ్ళపొదలకి చిక్కిన ఉన్ని ఏరుకొచ్చి గొర్రెలు పక్కలు వేసేవి. మేకలు ఆకులు నమిలి కట్లు కట్టేవి. ఏసోబు అనే ముసలి ఎద్దు వాగు నుంచి నీళ్ళు లాగేవాడు. ఆదివారం పొద్దున చెట్టు కింద అందరూ కూడి, పాటలు పాడుకుని, ప్రార్థన చేసుకుని మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళు పడేవారు.

నడవలేనివాళ్ళని పాకకి మోసుకొచ్చే పని గాడిద సువార్తమ్మది. ఎండనక వాననక గుట్టంతా తిరిగేది. ఒకసారి ముళ్ళపందిని కూడా మోసుకొచ్చింది. వీపంతా పుండై మేకలు పసరు రాస్తుంటే ఆ ముళ్ళపందిని నోటికొచ్చినట్టు తిట్టింది, తగ్గాక మళ్ళీ దాన్నే ఇంటి దాకా దిగబెట్టి వచ్చింది. అదీ ఆవిడ తీరు.

ఆవిడకి ఒక పద్ధతి ఉంది. మోకాళ్ళ మీద వంగి, ఎక్కినవాళ్ళని "నడవలేవా?" అని అడుగుతుంది. "నడవలేను" అని నోరు తెరిచి చెబితేనే లేస్తుంది. ఎందుకంటే, వెనకటికి కోతిపిల్లలు సరదాకి ఎక్కి గుట్టంతా ఊరేగేవి. వాటి మూలంగా ఒకరోజు పాము కరిచిన ఉడుమొకటి దారిలోనే ప్రాణం వదిలింది. ఆనాటి నుంచీ అడగనిదే ఆవిడ లేవదు. ఆకాశం విరిగి మీద పడ్డా లేవదు. గాడిదంటే గాడిదే మరి!

ప్రభువు గాడిదనెక్కి ఊళ్ళోకి వచ్చిన రోజు, మట్టల ఆదివారం, వస్తే సువార్తమ్మకి పండగ. ఆ పొద్దున పాకలో ఉన్నవాళ్ళందరిలోకీ బలహీనమైన రోగిని ఆవిడ వీపు మీద కూర్చోబెట్టి, ఈత మట్టలు ఊపుకుంటూ గుట్ట చుట్టూ తిప్పుతారు. గొర్రెలు పాడతాయి:

"బలహీనుడా బెంగపడకు, నడవలేనోడా నవ్వుతూ రా, మోసేవాళ్ళం మేమున్నాం..."

ఒక ఏడు ఆ ఆదివారం సరిగ్గా ఎన్నికల ముందు వచ్చి పడింది. గుట్టకి పెద్దగా ఉండాలని తోడేలు భూపతి ఒకవైపు, ఎలుగుబంటి అప్పన్న ఒకవైపు పోటీ పడుతున్నారు. భూపతి మాట ఒకటే: "గుట్టకి కావల్సింది బలం. నన్ను మించిన బలవంతుడు ఎవడు?" ఏ బండ మీద చూసినా ఆయన పంజా గుర్తే.

భూపతి తరఫున తిరిగేది నక్క చిన్నబ్బులు. వాడొక సాయంత్రం నేరేడు చెట్టు కిందికి వచ్చాడు. ఎక్కడ నేర్చుకున్నాడో ఏమో, కనపడ్డవాళ్ళందరికీ "వందనాలండీ, వందనాలు" అంటూ మేకపోతుకి రెండుసార్లు, నీళ్ళ తొట్టికి ఒకసారి దండం పెట్టాడు.

సంఘం పెద్ద సొలొమోను పొట్టేలు ఎదురెళ్ళి కూర్చోబెట్టాడు. సువార్తమ్మ అప్పుడే కుందేలు పైడమ్మని పాకలో దింపి, చెట్టు వెనక నిలబడి ఒళ్ళు దులుపుకుంటోంది.

"పెద్దయ్యగారూ, సూటిగా వస్తాను," అన్నాడు చిన్నబ్బులు. "మా దొరవారికి మీ సంఘమంటే ప్రాణం. మట్టల ఆదివారం ఆయన ఆ గాడిద మీద కూర్చుని ఊరేగుతారు. గుట్టంతా చూస్తుంది. మీ గొర్రెలూ మేకలూ పశువులూ ఒక్క మాట మీద ఉంటే ఆయన గెలిచినట్టే. గెలిచాక ఆయన పక్క బండ మీద కూర్చునేది ఎవరంటారు? మీరే!"

పొట్టేలు కొమ్ములు ఇంకాస్త పైకి లేచాయి.

"తన మూలంగా కాలు విరిగిన పైడమ్మ పాకలో పడుందని మీ దొరకి తెలుసా?" అంది సువార్తమ్మ చెట్టు వెనక నుంచి ఇవతలికి వచ్చి. "తరిమింది ఆయనే."

"అత్తా, అత్తా! అది గెలవకముందు సంగతి," అన్నాడు నక్క నవ్వుతూ. "అధికారం వస్తే ఆయనకి తరిమే పనేముంటుంది చెప్పు?"

"పనుండదు. తరమకుండానే వెళ్ళి దొరుకుతాం."

"సువార్తమ్మా, నువ్వుండు," అన్నాడు పొట్టేలు విసుగ్గా. "ఈ మాట సంఘంలో తేల్చుకుంటాం."

మర్నాడే అందరూ కూడారు. సొలొమోను పొట్టేలు చెడ్డవాడేం కాదు. గట్టిగా ప్రార్థన చేస్తాడు, జబ్బు చేసినవాళ్ళ దగ్గర తెల్లవార్లూ కూర్చుంటాడు. ఆయన బాధ ఆయనకుంది.

"పోయిన వేసవిలో మన పాకకి ఎవరో నిప్పు పెట్టారు. మన పిల్లలు ఇద్దరు పోయారు. గుట్టకి పెద్దగా ఉన్నవాడి గుమ్మం ముందు పడిగాపులు పడ్డాను, ఒక్కడు తల తిప్పి చూశాడా?" అన్నాడు. "ఎన్నాళ్ళిలా? రాజు పక్కన మనవాడొకడు కూర్చుంటే ఒక్క పాక కాదు, పది పాకలు వేస్తాం. మన మంచితనమే అందరికీ చట్టం చేస్తాం. మంచి పనికి కాస్త బలం తోడైతే తప్పేమిటి?"

గొర్రెలన్నీ తలలూపాయి. ఆ ఇద్దరు పిల్లల తల్లి ఏడుస్తూ ఊపింది. సువార్తమ్మ ఆ తల్లి వైపే చూసింది. తనూ ఆ మంటల్లోకి వెళ్ళింది, చేతనైనంత మందిని తెచ్చింది, ఆ ఇద్దరినీ తేలేకపోయింది.

"పెద్దయ్య మాటలోనూ న్యాయం ఉందక్కా," అన్నాడు ఏసోబు మెల్లిగా.

"లేదని ఎవరన్నారు తమ్ముడూ?" అంది సువార్తమ్మ. "నిప్పు పెట్టినవాడిని పట్టుకోమని అడగడానికి పద, నీకంటే ముందు నేను నడుస్తాను. అన్యాయాన్ని అన్యాయమని ఆ గుమ్మంలోనే అరుద్దాం. ఎవరి ఓటు వాళ్ళు వేసుకోండి, నేనూ వేస్తాను. కానీ సంఘాన్ని తీసుకెళ్ళి ఒకడి గుమ్మానికి కట్టెయ్యొద్దు. ఆ గుమ్మానికి కట్టేస్తే, వాడికి భయపడేవాళ్ళు మన గుమ్మం తొక్కుతారా? ప్రభువుని రాజుని చేద్దామని జనం వెంటపడితే ఆయన తప్పించుకుని కొండెక్కిపోయాడని ఈ చెట్టు కిందే కదయ్యా నువ్వు మాకు చెప్పావు? చివరికి ఆయన మావాళ్ళ వీపెక్కి ఊళ్ళోకి వచ్చింది కూడా కత్తి పట్టుకుని కాదే!"

"ఆ రోజులు వేరు, ఈ రోజులు వేరు."

"గాడిద మాత్రం అదే పెద్దయ్యా."

కొన్ని మేకలు నవ్వాయి. కానీ గొర్రెలదే ఎక్కువ బలగం. తోడేలుని ఊరేగించాలని తీర్మానం అయిపోయింది.

తెల్లారేసరికి పాకలో పైడమ్మ పక్క ఖాళీ! జ్వరంతో ఉన్న జింక కూడా లేదు. సువార్తమ్మ వెతకడానికి బయల్దేరింది. రక్తపు చుక్కల జాడ పట్టుకుని వెళితే, గుట్ట వాలులో రేగుపొద కింద పైడమ్మ ముడుచుకుని కనిపించింది. విరిగిన కాలు ఈడ్చుకుంటూ అంత దూరం ఎలా వచ్చిందో ఏమో, కట్టు ఊడిపోయి కాలు వాచిపోయింది.

"ఇదేం పనే పైడీ! రా, ఎక్కు," అంది సువార్తమ్మ వంగి.

"నేను రాను వదినా. నువ్వు తోడేలుని మోస్తావంట కదా."

"మా పద్ధతి ప్రకారం..."

"పద్ధతి చూసుకుని నా కాలు విరగలేదు," అంది పైడమ్మ. "ఆ పాకలో కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు మూతపడవు. నువ్వు పో."

సువార్తమ్మకి ఒళ్ళు మండిపోయింది. పొట్టేలు మీద, నక్క మీద, తలలూపిన గొర్రెల మీద, అన్నిటికీ మించి ఆ కాలు చూస్తూ ఏమీ చెయ్యలేని తన మీద. పొద చుట్టూ ముళ్ళకంప లాగి అడ్డం పెట్టింది, ఆకు దొప్పలో నీళ్ళు తెచ్చి పెట్టింది. "నిన్ను తీసుకెళ్ళకుండా ఈ పండగ దాటనివ్వను. రాసి పెట్టుకో," అని వచ్చేసింది.

దారిలో ఏసోబు ఎదురయ్యాడు. "అక్కా, మోయనని మొండికెయ్యరాదూ?"

"నేను మొండికేస్తే పెద్దయ్య తన వీపే ఇస్తాడు. ఆ వీపుకి నోరు లేదు, ఎక్కినవాడిని ఏమీ అడగదు," అంది సువార్తమ్మ. "నేనే మోస్తాను. మోసేటప్పుడు ఎలా మోస్తానో అలాగే మోస్తాను."

చిన్నబ్బులు ఏర్పాట్లు చూడ్డానికి మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ అందరి ఎదుటా అడిగింది: "అబ్బులూ, మోస్తాను. కానీ మా పద్ధతిలో ఒక్క ముక్క తగ్గకూడదు. సరేనా?"

"అయ్యో అత్తా, ఆ పద్ధతే కదా మాక్కావల్సింది! ఆ మట్టలూ, ఆ పాటా, ఆ జనమూ... ఒక్క ముక్క తగ్గినా దొరవారు ఊరుకోరు."

"ఆ పద్ధతేమిటో పూర్తిగా తెలుసుకున్నావా?"

నక్క పొట్టేలు వైపు తిరిగాడు. పొట్టేలు గొంతు సవరించుకున్నాడు. గుట్టని ఏలబోయే దొరతో, మా గాడిద ఎక్కేది రోగులండీ అని ఎలా చెప్పడం? ఇన్నేళ్ళు ఏ పనికి గర్వపడ్డాడో ఆ పని చెప్పుకోడానికి ఆ క్షణాన ఆయనకి సిగ్గేసింది.

"ఏముందయ్యా," అన్నాడు. "ఆ రోజు గౌరవనీయులొకరు ఎక్కుతారు. జనం మట్టలు ఊపుతారు, పాడతారు. అంతే."

సువార్తమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన చెట్టు మీది కాకిని చూస్తున్నాడు.

"అంతే కాదు అబ్బులూ, నేను చెబుతానుండు..."

"పెద్దయ్యగారి మాటే మాకు శాసనం అత్తా! నువ్వు వీపు సిద్ధం చేసుకో చాలు," అంటూ చిన్నబ్బులు చెంగున దూకి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా పొట్టేలు గొర్రెలకి కొత్త పాట నేర్పించాడు. "బలవంతుడా జయము నీకు" అనాలి. గొర్రెలు "సరే పెద్దయ్యా" అన్నాయి. పెద్దయ్య ముందు పాడితే వెనకాల పాడాయి కూడా.

మట్టల ఆదివారం వచ్చింది. గుట్ట మీది జీవమంతా అక్కడే. ఎలుగుబంటి అప్పన్న కూడా తనవాళ్ళతో ఎదుటి బండెక్కి చూస్తున్నాడు. భూపతి మెడలో మోదుగపూల దండేసుకుని, ఛాతీ విరుచుకుని వచ్చాడు. పొట్టేలు కొమ్ములకీ పూలు చుట్టారు.

సువార్తమ్మ మోకాళ్ళ మీద వంగింది. తోడేలు ఎక్కి కూర్చున్నాడు. ఆ గోళ్ళు చర్మంలోకి దిగుతుంటే, ఆ వాసన ముక్కుకి కొడుతుంటే ఆవిడ ముందుకాళ్ళు నేలకి గట్టిగా ఆనించింది. పైడమ్మ వాచిన కాలుని తల్చుకుని పళ్ళు బిగబట్టింది.

"లెయ్యి అత్తా, లెయ్యి!" అన్నాడు నక్క.

ఆవిడ లేవలేదు. తల తిప్పి, వీపు మీదున్నవాణ్ణి అడిగింది: "నడవలేవా?"

"ఏమిటీ?" అన్నాడు భూపతి.

"నడవలేవా అని అడుగుతున్నాను. నడవలేనని చెబితే లేస్తాను. మా పద్ధతి."

గుంపులో గుసగుసలు. నక్క మొహం పాలిపోయింది. "పెద్దయ్యగారూ, ఇదేమిటి?"

"సువార్తమ్మా, ఈ ఒక్కసారికీ..." అన్నాడు పొట్టేలు చెమటలు కక్కుతూ.

"ఒక్క ముక్క తగ్గకూడదన్నాను. సరేనన్నారు. అందరూ విన్నారు," అంది ఆవిడ. నేలకి అతుక్కుపోయినట్టు అలాగే ఉంది. నక్క తోక పట్టుకుని లాగాడు, పొట్టేలు కొమ్ములతో నెట్టాడు. కదిలితేగా!

ఎండ ఎక్కుతోంది. భూపతి దిగిపోతే, గాడిద దింపేసిందని గుట్టంతా నవ్వుతుంది. కూర్చుంటే ఇది లేవదు. నక్క దొర చెవిలో అన్నాడు: "మాట వరసకి అనేయండి దొరా, మెల్లిగా. ఎవరికి వినపడుతుంది?"

"నడవలేను," అని గొణిగాడు భూపతి.

"నాకే వినపళ్ళేదు, అంత వెనకున్నవాళ్ళకి ఏం వినపడుతుంది?"

"నడవలేను!" అని అరిచాడు తోడేలు, కోపంతో. గుట్ట మారుమోగిపోయింది.

ఎదుటి బండ మీద ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. సువార్తమ్మ లేచింది. ఆవిడ లేవడమే ఆలస్యం, ముందున్న ముసలి గొర్రెకి అలవాటుగా పాట వచ్చేసింది. ముందు గొర్రె ఏది పాడితే వెనక గొర్రెలు అదే పాడతాయి, అంతకు మించి వాటికి తెలీదు.

"బలహీనుడా బెంగపడకు, నడవలేనోడా నవ్వుతూ రా..."

"అది కాదు! బలవంతుడా! బలవంతుడా!" అని పొట్టేలు గంతులేస్తూ అరుస్తున్నాడు. ఎవరు వింటారు? గొర్రెలు కళ్ళు మూసుకుని, మనసారా పాడుతున్నాయి. ఒక గొర్రెపిల్ల పరిగెత్తుకొచ్చి, ఎప్పట్లాగే రోగికి పెట్టే లేతగడ్డి పరక తోడేలు నోటి దగ్గర పెట్టి, "తిను తాతా, తగ్గిపోతుంది," అంది.

అంతే. గుట్టంతా పగలబడి నవ్వింది. భూపతి ఇక ఆపుకోలేకపోయాడు. "నేను రోగినట్రా! నేను నడవలేనా! ఒక్కొక్కణ్ణీ నమిలేస్తాను!" అంటూ పళ్ళు బయటపెట్టి గొర్రెపిల్ల మీదికి దూకబోయాడు. సువార్తమ్మ ఒళ్ళంతా ఒక్క విదిలింపు విదిలించింది. తోడేలు తలకిందులుగా వెళ్ళి పొట్టేలు మీద పడి, ఆ కోపంలో పొట్టేలు చెవి చీరేశాడు. ఏసోబు కొమ్ములు వంచి అడ్డం వచ్చాడు, ఆయన వెనక పశువులన్నీ వచ్చాయి. ఇందాకటి దాకా బలం బలం అన్నవాడు మోదుగపూలు రాల్చుకుంటూ గుట్ట దిగి పారిపోయాడు. చిన్నబ్బులు అంతకు ముందే కనపడ్డం మానేశాడు.

ఎలుగుబంటి వైపు నుంచి కోతి ఒకడు పరిగెత్తుకొచ్చాడు. "శభాష్ అత్తా! మా అప్పన్న దొర తేనెపట్టు పంపుతానన్నారు. ఇప్పుడు ఆయన్ని ఎక్కించుకుని..."

"మీ అప్పన్నకి కాలేమైనా విరిగిందా?" అంది సువార్తమ్మ. "విరిగితే చెప్పు, ఇప్పుడే వస్తాను. లేదంటే దారికి అడ్డం లే."

ఆవిడ సరాసరి రేగుపొద దగ్గరికి వెళ్ళి వంగింది. జరిగిందంతా పైడమ్మ పొదలోంచి చూస్తూనే ఉంది. ముందుకి పాకి, ఆగిపోయింది.

"నీ వీపు తోడేలు వాసనొస్తోంది వదినా."

సువార్తమ్మకి ఆ మాట గోళ్ళకంటే లోతుగా దిగింది. పోయి వాగులో మునిగింది. ఇసకలో దొర్లింది. మళ్ళీ వచ్చింది. "ఇంకా వస్తోంది," అంది పైడమ్మ, వణుకుతూ. మళ్ళీ వాగుకి పోయింది. ఈసారి అక్కడ పొట్టేలు ఉన్నాడు. చెవి నుంచి రక్తం కారుతోంది, కొమ్ములకి చుట్టిన పూలన్నీ పీకేసుకున్నాడు. ఈత మట్ట నోట కరుచుకుని ఆవిడ వీపు రుద్దడం మొదలుపెట్టాడు.

"రోగి అని చెప్పడానికి సిగ్గేసింది సువార్తమ్మా," అన్నాడు మట్ట పక్కన పెట్టి.

"తెలుసు. ఆ గోళ్ళ గాట్ల దగ్గర ఇంకాస్త గట్టిగా రుద్దు."

సాయంత్రమయ్యాక ఇద్దరూ పొద దగ్గరికి వచ్చారు. ఆ రోజు సువార్తమ్మ ఏమీ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. వంగి ఊరుకుంది. పైడమ్మ ఆవిడ వైపూ, పొట్టేలు వైపూ చూసి చూసి, చివరికి అంది: "వస్తాను. కానీ ఈయన ముందు నడవాలి, నా కంటికి కనపడుతూ. వెనక నడిస్తే నేను రాను."

సంఘం పెద్ద సొలొమోను, చిరిగిన చెవితో, తలొంచుకుని ముందు నడిచాడు. పైడమ్మ పాక చేరింది. ఆ జింకా, దాని గుంపూ మాత్రం మరో వానాకాలం దాకా ఆ ఛాయలకి రాలేదు. సువార్తమ్మ రోజూ వాళ్ళ అడవి అంచు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి వచ్చేది.

ఇందులో మనం పట్టుకెళ్ళాల్సింది ఇదీ: మోయడానికి పిలుపొచ్చినవాళ్ళు సింహాసనం మోస్తూ తిరిగితే, దారిలో పడ్డవాళ్ళు వాళ్ళని చూసి పొదల్లో దాక్కుంటారు.